రోడ్డు పక్క ఇంటి జాగ: కొనే ముందు వేసే లెక్క

కరీంనగర్ నుంచి వరంగల్‌కు పోయే రోడ్డు సుమారు 70 కిలోమీటర్లు ఉంటుంది. దాని నడుమ హుజూరాబాద్ ఉంది. బస్సులో పోతుంటే మానకొండూరు, కేశవపట్నం, హుజూరాబాద్, ఎల్కతుర్తి, హసన్‌పర్తి వరుసగా వస్తాయి. ఒకప్పుడు ఈ ఊళ్ళ మధ్య వరి పొలాలు, పత్తి చేన్లే ఉండేవి. ఇప్పుడు పొలాల నడుమ తెల్ల రంగు వేసిన కడీలు వరుసగా పాతి ఉంటాయి. కడీల మధ్య మొరం రోడ్లు. ముందర ఒక కమాను. కమాను మీద వెంచర్ పేరు.

ఇక్కడ ఎవరు కొంటున్నారు? కరీంనగర్‌లో, హనుమకొండలో కొనలేనివాళ్ళు కొంటున్నారు. అక్కడ గజం ధర అందదు. కిరాయి ఇంట్లో ఉండి ఉండి విసిగినవాళ్ళు బస్సెక్కి ఇటు వస్తారు. ఊరికి దూరం పోయిన కొద్దీ ధర దిగుతుంది. అది చూసి ఆశ పుడుతుంది.

ఆశ పుట్టడానికి కారణాలు కూడా ఉన్నాయి. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు హుజూరాబాద్ రెవెన్యూ డివిజన్ అయింది. ఆర్డీవో ఆఫీసు వచ్చింది. కరీంనగర్–వరంగల్ రోడ్డును నాలుగు వరుసలుగా వెడల్పు చేసే పనికి 2023 జులై 8న వరంగల్‌లో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. పక్కనే జమ్మికుంటలో రైల్వే స్టేషను, పత్తి మార్కెట్టు ఉన్నాయి. ఇవన్నీ నిజాలే. అయితే వీటి పక్కన దళారి ఇంకో మాట కలుపుతాడు. "చెల్లె, ఇయ్యాల కొంటె ఈ ధర. రేపు రోడ్డు పడ్డంక రెట్టింపు. హుజూరాబాద్ జిల్లా అయితది, రాసిపెట్టుకో" అంటాడు. రోడ్డు పడుతుంది. కాని ఎవరి జాగ ముందర పడుతుంది, ఎవరి జాగకు దూరంగా పోతుంది అనేది వేరే సంగతి. జిల్లా మాట ఎన్నో ఏళ్ళుగా వినబడుతూనే ఉంది. రాని జిల్లాకు ఇప్పుడే ధర కట్టడం తెలివి కాదు.

ఒక కుటుంబాన్ని అనుకుందాం. భార్య కరీంనగర్‌లో బీడీలు చేస్తుంది. భర్త అక్కడే తాపీ మేస్త్రీ. కిరాయి ఇల్లు. సంఘంలో పొదుపు, చిట్టీ పైసలు, కొంత బంగారం కలిపితే 7 లక్షలు అవుతాయి. ఇంకో 2 లక్షలు అప్పు తెస్తే 9 లక్షలు. ఈ 9 లక్షలతో రెండు జాగలు చూశారు. ఒకటి కరీంనగర్ అంచున. గజం 12,000 రూపాయలు. 75 గజాలు వస్తాయి. ఇంకొకటి హుజూరాబాద్ దగ్గర. గజం 6,000. అక్కడ 150 గజాలు వస్తాయి. ఈ ధరలు లెక్క కోసం పెట్టుకున్నవి. అసలు ధర ఎక్కడికక్కడ అడిగి తెలుసుకోవాలి.

మగాయన అన్నాడు: "ఒక్కటే పైస. రెండింతలు జాగ వస్తది గదా!"

ఆమె అన్నది: "జాగ సరే. నువ్వు పనికి ఏడికి పోతవు?"

అసలు లెక్క ఇక్కడ మొదలవుతుంది. పని కరీంనగర్‌లోనే ఉంది. బస్సు కిరాయి ఒకవైపు 50 రూపాయలు అనుకుంటే పోనురాను 100. నెలకు 25 రోజులు పనికి పోతే 2,500. ఏడాదికి 30,000. పదేళ్ళకు 3 లక్షలు. ఇందులో కిరాయి పెరగడం కలపలేదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. అది పెద్ద ఊరట. కాని పోయే టైము పోతూనే ఉంటుంది. ఇంటి నుంచి పని దాకా గంటన్నర, తిరిగి గంటన్నర అయితే నెలకు 75 గంటలు బస్సులో, బస్టాండులో గడుస్తాయి. ఆడమనిషికి ఆ 75 గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? నిద్రలోంచి వస్తాయి. పిల్లల దగ్గర కూర్చునే టైములోంచి వస్తాయి. అన్ని గంటల్లో ఎన్ని బీడీలు అయ్యేవో బీడీలు చేసే ఆమెకు వేరే చెప్పనక్కర లేదు.

అప్పు లెక్క ఇంకొకటి. నూటికి 3 రూపాయల వడ్డీ అని తేలిగ్గా అంటారు. అది నెలకు. 2 లక్షల మీద నెలకు 6,000. ఏడాదికి 72,000. ఇంత వడ్డీ కట్టుకుంటూ ఖాళీ జాగను చూస్తూ కూర్చుంటే, పైన ఇంటి కిరాయి కూడా కడుతుంటే, రెండు వైపులా కాలుతుంది. బ్యాంకు లోనుకు వడ్డీ చాలా తక్కువ. అయితే బ్యాంకు కాగితాలన్నీ చూస్తుంది. ఏ బ్యాంకూ లోను ఇవ్వనన్న జాగను ఎందుకు ఇవ్వనన్నదో అడగకుండా కొనకూడదు. బ్యాంకు వకీలు ఉచితంగా చెప్పిన సలహా అది.

ఈ లెక్కలు చూసి దూరం జాగ వద్దే వద్దు అనుకోనక్కర లేదు. హుజూరాబాద్‌లోనో జమ్మికుంటలోనో పని ఉన్నవాళ్ళకు, పిల్లల బడి అక్కడే ఉన్నవాళ్ళకు ఆ 150 గజాలు మంచి బేరమే. ఇంటి వెనక నాలుగు కూరగాయల మడులు వస్తాయి. గేదెను కట్టుకోవచ్చు. చిన్న జాగను చూసి చిన్నబోవద్దు కూడా. ఒక గజం అంటే 9 చదరపు అడుగులు. 75 గజాలంటే 675 చదరపు అడుగులు. 2020లో తెచ్చిన చట్టం ప్రకారం పట్టణాల్లో 75 గజాల లోపు జాగలో కింద ఒకటి, పైన ఒక అంతస్తు కట్టుకోవడానికి పర్మిషన్ అక్కర లేదు. ఒక్క రూపాయి కట్టి పేరు నమోదు చేసుకుంటే చాలు. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో సొంత జాగ ఉన్న పేదవాళ్ళకు 5 లక్షలు దశలవారీగా ఇస్తారు. మంజూరు ఇంటి ఆడవాళ్ళ పేరు మీదే. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు. 75 గజాల్లో అది పడుతుంది. కాని జాగ కొన్నంత మాత్రాన ఇల్లు మంజూరైనట్టు కాదు. మంజూరు చేయిస్తానని పైసలు అడిగేవాణ్ణి దగ్గరికి రానీయవద్దు.

ఇక కాగితాలు. ఈ రోడ్డు మీద మోసం ఎక్కువ జరిగేది ఇక్కడే.

మొదట చూడవలసింది అది ఏ భూమి అని. కడీలు పాతినంత మాత్రాన పొలం ప్లాటు కాదు. వ్యవసాయ భూమిని ఇళ్ళ జాగగా మార్చాలంటే ప్రభుత్వానికి ఫీజు కట్టి కాగితం తీసుకోవాలి. దాన్ని అందరూ 'నాలా' అంటారు. ఈ నాలా అంటే మోరీ కాదు. ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు. నాలా కాగితం చూపించమని అడగాలి. కొందరు "గుంటల లెక్కన రాసిస్తం, పాసుబుక్కు కూడా వస్తది" అంటారు. గుంట అంటే 121 గజాలు. పాసుబుక్కు వస్తే అది పొలమే. దాని మీద ఇంటికి పర్మిషన్ రాదు.

రెండోది లేఅవుట్ అనుమతి. దీన్నే జనం వెంచర్ అప్రూవల్ అంటారు. "పంచాయతీ అప్రూవల్ ఉంది, సర్పంచు సంతకం పెట్టిండు" అంటే చాలదు. డీటీసీపీ అనే ప్రభుత్వ శాఖ గాని, ఆ ప్రాంతపు పట్టణాభివృద్ధి సంస్థ గాని అనుమతి ఇవ్వాలి. కరీంనగర్ వైపు శాతవాహన సంస్థ, వరంగల్ వైపు కాకతీయ సంస్థ ఉన్నాయి. అనుమతి ఉన్న వెంచర్‌లో రోడ్లు వెడల్పుగా ఉండాలి. మొత్తం భూమిలో పదో వంతు ఖాళీగా వదలాలి. మోరీలు కట్టాలి, నీళ్ళ ట్యాంకు పెట్టాలి. ఎకరానికి 4,840 గజాలు. రోడ్లకు, ఖాళీ జాగకు పోను అమ్ముకోవడానికి సగానికి కొంచెం ఎక్కువే మిగులుతుంది. అందుకే అనుమతి లేనివాడు రోడ్లు సన్నగా చేస్తాడు. ఖాళీ జాగను కూడా ప్లాట్లు చేసి అమ్ముతాడు. అందుకే అతని ధర తక్కువ.

ఆ తక్కువ ధర తరవాత ఎవరి మీద పడుతుందో 2020లో అందరూ చూశారు. ఆ ఏడాది ఆగస్టు 26న అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. కొనుక్కున్నవాళ్ళు అమ్ముకోలేకపోయారు. పెళ్ళికో, వైద్యానికో అవసరమని పోతే ఆఫీసులో కాదన్నారు. తరవాత ఎల్ఆర్ఎస్ పెట్టారు. 1,000 రూపాయలు కట్టి దరఖాస్తు చేయాలన్నారు. రాష్ట్రమంతా కలిపి సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. వెంచర్‌వాడు వదలని ఖాళీ జాగకు బదులు ప్లాటు విలువలో 14 శాతం కొనుక్కున్నవాళ్ళే కట్టాలన్నారు. దానికి తోడు ఇంకో ఫీజు. 2025లో ఫీజు మీద 25 శాతం తగ్గించారు. తగ్గించినా భారం భారమే. అమ్మినవాడు మాత్రం తన పైసలు తీసుకొని వెళ్ళిపోయాడు.

అనుమతి ఉన్న వెంచర్‌లో కూడా ఒక మాట అడగాలి. పనులన్నీ పూర్తి చేసేదాకా 15 శాతం జాగను అధికారులు తనఖా పెట్టుకుంటారు. మనం కొనే ప్లాటు నంబరు ఆ తనఖాలో ఉందా? ఉంటే కొనవద్దు. 8 ప్లాట్లు మించినా, 500 చదరపు మీటర్లు మించినా ఆ వెంచర్‌ను 'రెరా'లో నమోదు చేయాలి. ఆ నంబరు కరపత్రం మీద అచ్చు వేయాలి. నంబరు లేని కరపత్రం చేతికిస్తే తిరిగి ఇచ్చేయవచ్చు. ఒప్పంద పత్రం రిజిస్టర్ చేయకుండా ధరలో పదో వంతుకు మించి అడగకూడదు. ఈ సంగతి దళారి తనంత తాను చెప్పడు.

మూడోది అమ్మేవాడికి హక్కు ఉందా అన్నది. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని 1977 చట్టం ప్రకారం అమ్మకూడదు, కొనకూడదు. చెరువు శిఖం భూమి ఎండాకాలంలో చదునుగా, ముచ్చటగా కనబడుతుంది. వానలు పడ్డాక పోయి చూడాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గాని మీసేవలో గాని ఈసీ తీసుకోవాలి. ఆ జాగను ఎవరు ఎవరికి అమ్మారు, తనఖా ఉందా అనేది అందులో ఉంటుంది. కాని రిజిస్టర్ కాని బేరాలు ఈసీలో కనబడవు. మన దిక్కు తెల్ల కాగితం మీద రాసుకున్న సాదా బైనామాలు ఎన్నో ఉన్నాయి. అందుకని చుట్టుపక్కల రైతులను, ముఖ్యంగా ఆ పొలంలో నాట్లు వేసిన ఆడవాళ్ళను అడగాలి. ఎవరిది, ఎవరెవరికి తగాదా ఉంది అనేది వాళ్ళకు తెలిసినంత ఆఫీసుకు తెలియదు.

అన్నదమ్ములు అమ్ముతుంటే అక్కచెల్లెళ్ళ సంతకాలు ఉన్నాయా చూడాలి. పెద్దల ఆస్తిలో ఆడపిల్లలకు వాటా 1985లోనే మన రాష్ట్ర చట్టం ఇచ్చింది. 2005లో దేశమంతా ఇచ్చారు. ఆ వాటా పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆడబిడ్డ సంతకం లేకుండా కొన్న జాగ మీద రేపు ఆమె కేసు వేస్తే తప్పు ఆమెది కాదు. ఈ కాగితం చదివే అక్కకు కూడా పుట్టింటి నుంచి సంతకం పెట్టమని పిలుపు వచ్చే ఉంటుంది. దేని మీద పెడుతున్నదో చదివాకే పెట్టాలి.

రోడ్డు ఒక్కటే గాని జిల్లాలు రెండు. హుజూరాబాద్ కరీంనగర్ జిల్లాలో ఉంది. ఎల్కతుర్తి హనుమకొండ జిల్లాలోకి పోయింది. జాగ ఎటువైపు ఉందో తెలిస్తేనే ఏ ఆఫీసుకు పోవాలో తెలుస్తుంది. రోడ్డుకు ఆనుకొని ఉన్న జాగ అయితే, వెడల్పులో గాని బైపాస్‌లో గాని ఆ సర్వే నంబరు పోతుందేమో తహసీల్దార్ ఆఫీసులో అడగాలి. నల్లరేగడి నేల అయితే పునాది ఖర్చు పెరుగుతుంది. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది.

బయానా ఇచ్చేటప్పుడు 20,000 గాని అంతకు మించి గాని నగదుగా ఇవ్వకూడదు. 2015 నుంచి చట్టం అట్లా ఉంది. బ్యాంకు ద్వారా ఇస్తే రుజువు మిగులుతుంది. నోటరీ కాగితంతో జాగ మన పేరు మీదికి రాదు. 100 రూపాయలకు మించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాలని 1908 నాటి చట్టమే చెప్పింది. రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ కలిపి నూటికి ఏడున్నర రూపాయలు. 9 లక్షలకు 67,500. ఈ పైసలు ముందే పక్కన పెట్టుకోవాలి. ఖర్చు తగ్గుతుందని దస్తావేజులో ధర తక్కువ రాయిస్తామంటారు. రేపు తగాదా వస్తే రాసిన ధరే తిరిగి అడగగలం. బ్యాంకు కూడా రాసినదానికే లోను ఇస్తుంది.

రిజిస్ట్రేషన్‌కు రెండు రోజుల ముందు దస్తావేజు నకలు ఇంటికి తెచ్చుకోవాలి. సర్వే నంబరు, ప్లాటు నంబరు, ఎన్ని గజాలు, ఎంత ధర అన్నది వేలు పెట్టి చదవాలి. తూర్పున ఎవరు, పడమర ఎవరు, ఉత్తరాన, దక్షిణాన ఏముంది అని రాస్తారు. ఆ కాగితం పట్టుకొని జాగ మీదికి పోయి నాలుగు దిక్కులా సరిచూడాలి. టేపుతో కొలవాలి. పేరు ఆధార్ కార్డులో ఉన్నట్టే ఉండాలి. భార్య పేరు మీద గాని, ఇద్దరి పేరు మీద గాని రాయించుకోవచ్చు. బంగారం, పొదుపు పెట్టిన మనిషి పేరు కాగితం మీద లేకపోవడం మన దగ్గర మామూలైపోయింది. ఆఫీసులో ఫోటో తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. చదువుకున్నవాళ్ళయినా ముద్ర వేయవలసిందే. దాని పక్కన సంతకం కూడా పెట్టాలి.

దస్తావేజు చేతికి వచ్చిన వారంలోనే హద్దు రాళ్ళు పాతించాలి. చుట్టూ కంచె గాని, రెండు వరుసల ఇటుకలు గాని వేయాలి. మున్సిపాలిటీలో గాని పంచాయతీలో గాని పేరు మార్పించి ఖాళీ జాగ పన్ను రసీదు తీసుకోవాలి. ఏడాదికి రెండు సార్లయినా పోయి చూసి రావాలి. ఈసీని కూడా అప్పుడప్పుడు తీయించి చూస్తే, మనకు తెలియకుండా ఎవరైనా ఆ జాగను ఇంకొకరికి రాశారేమో తెలుస్తుంది.