పాత హాకీ వీరుల చేవ్రాలు

క్రికెట్ ఆటగాని సంతకము కావలెనన్నచో స్టేడియము ద్వారమున నిలువవలెను. సినిమా నటుని సంతకము కావలెనన్నచో చిత్రము తీయుచోటికి పోవలెను. మనకు ఒలింపిక్ స్వర్ణపతకములు తెచ్చిపెట్టి, ఆట విరమించి, ఇంటిపట్టున నున్న హాకీ ఆటగాని సంతకము కావలెనన్నచో ఏ ద్వారమున నిలువవలెను? ఆటోగ్రాఫు పుస్తకము చేతబట్టినవారికి ఎదురగు మొదటి చిక్కు ఇదియే. పెద్దలు సంతకము చేయనొల్లకపోవుట అరుదు. వారెచ్చట నున్నారో మనము తెలిసికొనకపోవుట వలననే ఆ చేవ్రాళ్లు దుర్లభములైనవి.

మన హాకీ చరిత్రలో ఆటోగ్రాఫునకు ఒక వింత స్థానము కలదు. 1932లో లాస్ ఏంజలిస్ ఒలింపిక్ క్రీడలలో మన జట్టు అమెరికా జట్టును 24–1 గోలుల తేడాతో ఓడించెను. రూప్‌సింగ్ 10 గోలులును, ఆయన అన్న ధ్యాన్‌చంద్ 8 గోలులును చేసిరి. అమెరికావారికి ఆ ఒక్క గోలు ఎట్లు దక్కెనని యడిగినచో క్రీడాలోకమున ఒక కథ చెప్పుదురు. మన గోలుకీపరునకు చేయుటకు పనిలేక, గోలు వెనుక చేరిన ప్రేక్షకులకు సంతకములు చేయుచుండగా బంతి లోనికి పోయెనట! కథలో నిజమెంతయైనను, ఆ జట్టువారి చేవ్రాలు నేడు సంపాదింపవలెనన్న ఎంత కష్టమో ఎరిగినవారికి ఆ ప్రేక్షకులపై అసూయ కలుగక మానదు.

ఈ కష్టమునకు కారణము ఆనాటి ఆటగాండ్ర బ్రతుకుతెరువులో నున్నది. హాకీ వారికి కూడుపెట్టలేదు. సైన్యము, రైల్వేలు, పోలీసు శాఖ, కస్టమ్సు, రేవు సంస్థలు వారికి ఉద్యోగములిచ్చి, తమ జట్లలో ఆడించుకొన్నవి. ధ్యాన్‌చంద్ సిపాయిగా సైన్యమున చేరినవాడు. 1948, 1952, 1956 సంవత్సరములలో స్వర్ణపతకములు పొందిన బల్బీర్‌సింగ్ పంజాబు పోలీసు శాఖలో పనిచేసెను. ఆ మూడు స్వర్ణములతోపాటు 1960లో రజతమునుగూడ సాధించిన లెస్లీ క్లాడియస్ కలకత్తా కస్టమ్సులో నుండెను. ఉద్యోగమున్నంతకాలము చిరునామా యున్నది. పదవీవిరమణతో క్వార్టర్సు ఖాళీచేసిరి. చిరునామా ఆఫీసు దస్త్రములలో నిలిచిపోయినది. 1956, 1960, 1964 ఒలింపిక్ క్రీడలలో మన గోలు కాచి, 1966 ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన జట్టునకు నాయకుడైన శంకర్ లక్ష్మణ్ సైన్యమునుండి విరమించి తన ఊరైన మౌ కంటోన్మెంటులో కాలము గడిపెను. 2006లో ఆయన అచ్చటనే లేమితో, వ్యాధితో కన్నుమూసిన నాటికి, ఆయన ఇంటితలుపు తట్టి పుస్తకము చాచినవారు ఎందరుందురు?

దీనికితోడు 1947. బెర్లిన్‌లో 1936 ఆగస్టు 15న జర్మనీని 8–1తో ఓడించిన మన జట్టులో ఆడిన దారా, 1948లో పాకిస్థాను జట్టు నాయకుడుగా లండనునకు వచ్చెను. ఆంగ్లో ఇండియను కుటుంబములు పెక్కు ఆస్ట్రేలియాకు తరలిపోయినవి. భారతదేశమున పుట్టిన పియర్సు సోదరులు ఐదుగురును ఆస్ట్రేలియా పక్షమున ఆడిరనిన, ఆ వలస ఎంతటిదో తెలియును. ఒకే మైదానమున ఆడినవారి సంతకములను ఒక్కచోట చేర్చుటకు మూడు దేశముల తపాలా శాఖలతో పని పడినది.

దుర్లభమను మాటలో రెండు సంగతులు కలసియున్నవని మేమనుకొందుము. చనిపోయినవారి సంతకము దుర్లభము. దానిని ధనముండినవారు వేలములో కొనవచ్చును. జీవించియున్నవారి సంతకము దుర్లభమగుట మన ఉపేక్ష. దానికి కావలసినవి ఒక కవరు, ఒక బిళ్ల, కొంత ఓపిక. రెండవది మొదటిదిగా మారుటకు ఎంతోకాలము పట్టదు. 1975 మార్చిలో కౌలాలంపూరున పాకిస్థానును 2–1తో గెలిచి ప్రపంచకప్పు తెచ్చిన జట్టును తలచుకొనుడు. ఆ నాటి జస్‌దేవ్‌సింగ్ వ్యాఖ్యానమును రేడియో ముందు కూర్చుండి విన్నవారు మన శ్రోతలలో ఇంకను కలరు. తొలి గోలు చేసి మనలను సమానస్థితికి తెచ్చిన సుర్జీత్‌సింగ్ 1984లో మోటారు ప్రమాదమున మరణించునప్పటికి ఆయనకు 32 ఏండ్లే. గెలుపు గోలు చేసిన అశోక్‌కుమార్ సంతకము దొరకును. సుర్జీత్‌సింగ్ సంతకము కొరకు వెదుకవలసినదే. 1980 మాస్కో స్వర్ణపతకపు జట్టులో మహమ్మద్ షాహిద్ 2016లో పోయెను. అదే జట్టులోని కౌశిక్, రవీందర్‌పాల్‌సింగ్ ఇరువురును 2021 మే 8న, ఒకే దినమున, కోవిడ్ వాతబడిరి. ఆ ఇద్దరికి రేపు వ్రాయుదమని కాగితము సిద్ధపరచుకొన్నవారు దేశములో ఎచ్చటనో ఉండియే యుందురు.

ఇక చేయవలసిన విధము. ముందుగా ఆటగాడు పనిచేసిన సంస్థయొక్క క్రీడావిభాగమునకు గాని, ఆయన రాష్ట్రపు హాకీ సంఘమునకు గాని వ్రాయవలెను. ఇంటి చిరునామా నడుగరాదు. అది వారు ఈయరు, ఈయకుండుటయే న్యాయము. మన లేఖను లోపల నుంచి, దయచేసి వారికి పంపుడని కోరినచో చాలును. కొందరి విషయమున ఆట కాక మరియొక దారి మేలు. 1928లో ఆంస్టర్‌డాంలో మన మొదటి స్వర్ణపతకపు జట్టునకు నాయకుడైన జైపాల్‌సింగ్ తరువాత రాజ్యాంగసభలోను, లోక్‌సభలోను సభ్యుడుగా నుండెను. ఆయన సంతకము క్రీడా వస్తువుల దుకాణములో కంటె రాజకీయ లేఖల నడుమ కనబడుట కెక్కువ అవకాశము కలదు.

లేఖ మన చేతివ్రాతతో, ఒక పుటకు మించక యుండవలెను. ఆటగాని కన్నులు వృద్ధాప్యమున మందగించియుండవచ్చును గనుక అక్షరములు పెద్దవిగా నుండుట మంచిది. “మీ అభిమానిని” అను మాట అందరును వ్రాయుదురు. ఏ పోటీలో ఏమి చేసినందున ఆయన మనకు జ్ఞాపకమున్నాడో ఆ సంగతి వ్రాయుడు. జవాబు వచ్చుట దానినిబట్టియే యుండును. ఒక్క కార్డు గాని, ఒక్క ఫోటో గాని పంపవలెను. పది పంపినవానిని వర్తకుడనుకొందురు. మన చిరునామా వ్రాసి బిళ్ల అంటించిన కవరును తప్పక జతపరుపవలెను. ఆస్ట్రేలియాకు వ్రాయునప్పుడు మన బిళ్ల అచ్చట చెల్లదు. నేడు తెలుగువారి పిల్లలు మెల్బోర్నులో, సిడ్నీలో లేని ఊరు లేదు గదా, వారిచే ఆ దేశపు బిళ్లలు తెప్పించుకొనవచ్చును. తెల్లకార్డుపై ఫౌంటెను పెన్నుగాని బాల్‌పాయింటు గాని పనికివచ్చును. మెరుగు ఫోటోపై ఫౌంటెను సిరా ఆరక పులుముకొనును, బాల్‌పాయింటు గాడి పెట్టును. చెరగని సిరాగల మార్కరు పెన్ను మేలు. చేయి వణకు పెద్దలకు నొక్కి వ్రాయవలసిన పెన్ను పంపుట దయలేని పని. జవాబునకు మూడు నాలుగు నెలలు పట్టిన ఆశ్చర్యము లేదు.

కొనువారికి మాత్రము ఒక హెచ్చరిక. ధ్యాన్‌చంద్ పేర దొంగ సంతకములు చేయువారికి ఆయన జీవిత చరిత్ర తెలియదు. అదియే మనకు రక్ష. ఆయన 1979 డిసెంబరు 3న మరణించెను. ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వెలువడినది 1980లో. ఆ బిళ్లపైగాని, ఆ బిళ్ల తొలినాటి కవరుపైగాని ఆయన సంతకమున్నదని ఎవరైన చూపినచో వారికి నమస్కరించి లేచి రావచ్చును. మేజరు ధ్యాన్‌చంద్ అని నేడు అందరము అందుము. కాని బెర్లిన్‌లో ఆడునాటికి ఆయన ఆ హోదాకు చాల దూరమున నుండెను. కనుక 1936 నాటిదని చెప్పు కాగితముపై సంతకము ప్రక్కన ‘మేజరు’ అని యున్న అనుమానింపవలెను. ఆయన స్వీయచరిత్ర ‘గోల్’ 1952లో మద్రాసున అచ్చైనది. దాని ప్రతిపై అంతకు ముందటి తేదీ యుండుటకు వీలులేదు. వీనికి మించి ఒక్క సూత్రము: ఏ మనిషియు తన పేరును రెండుసార్లు గీత తప్పకుండ ఒకే రీతిగా వ్రాయడు. రెండు సంతకములు ఒకదానిపై నొకటి సరిగా నమరినచో అందులో ఒకటి దిద్దినది, లేదా రెండును అచ్చు ముద్రలే.

సంపాదించినదానిని దాచుటయు పనియే. బల్బీర్‌సింగ్ 1985లో, రానున్న క్రీడా ప్రదర్శనశాలకని, తన 1956 నాటి బ్లేజరు కోటును, పతకములను, వందకు పైబడిన ఫోటోలను ఒక ప్రభుత్వ క్రీడాసంస్థకు అప్పగించెను. 2012లో లండను ఒలింపిక్ ప్రదర్శనకు వాని అవసరము కలిగి విచారింపగా అవి కనబడలేదు. 2020లో ఆయన మరణించువరకును దొరకలేదు. ఇంత పెద్ద వస్తువులే పోయినప్పుడు అరచేతి కార్డు సంగతి చెప్పనేల? జిగురుతో పుస్తకమునకు అంటింపవద్దు. ప్లాస్టికుపొర వేయించి బిగింపవద్దు. ఎండపడు గోడకు వ్రేలాడదీయవద్దు. వచ్చిన కవరును పారవేయక దానితోనే యుంచవలెను. తపాలా ముద్రలోని ఊరు, తేదీ ఆ సంతకమునకు సాక్షులు. వెనుకవైపు పెన్సిలుతో ఎవరిది, ఎప్పుడు, ఎట్లు వచ్చినదో రెండు పంక్తులు వ్రాసియుంచుట మంచిది.

గొంతును భద్రపరచు వృత్తిలో నున్నవారము గనుక ఒక కోరికను ఇచ్చట చేర్చుచున్నాము. సంతకముతోపాటు ఒక్క ప్రశ్న కూడ అడుగుడు, జవాబు వ్రాయుటకు నాలుగు పంక్తుల చోటు విడిచిపెట్టుడు. మాస్కోలో 1980 జులై 29న స్పెయినుపై 4–3తో గెలిచిన తుదిపోటీ చివరి నిమిషములలో మీరెచ్చట నిలిచియుంటిరి, ఏమనుకొంటిరి అని అడుగవచ్చును. ఆ జట్టువారు కొందరు నేటికిని మన నడుమ నున్నారు.