మీకు తెలుసా? డెబ్బై అయిదు ఎకరాల పిట్ట

ఒక పక్షి జాతి మొత్తం కలిపి సుమారు 75 ఎకరాల్లో సర్దుకుని బతుకుతోంది. పసిఫిక్ మహాసముద్రంలోని గాలపాగోస్ దీవుల్లో అన్నిటికంటే పెద్దది ఇసబెలా. దాని పడమటి తీరాన ప్లాయా తోర్తుగా నేగ్రా, కలేటా బ్లాక్ అని రెండు చిన్న మడ అడవులున్నాయి. మడ ఫించ్ ఉండేది అక్కడే. ఉన్నవి దాదాపు వంద.

పొడవు 14 సెంటీమీటర్లు, మట్టి రంగు. చూడగానే కళ్లు తిప్పుకోలేని అందమేమీ కాదు. డార్విన్ ఫించ్‌లలో ఇదీ ఒకటే అయినా, శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టింది 1901లో. డార్విన్ ఆ దీవులకు వెళ్లొచ్చింది 1835లో!

గాలపాగోస్ తీరంలో ఇంకా చాలాచోట్ల మడచెట్లు ఉండగా ఆ రెండు చోట్లే ఎందుకు? కిటుకు ఆటుపోట్లలో ఉంది. మన కోరింగలో పోటు లోపలిదాకా వచ్చి రాలిన ఆకును ఈడ్చుకుపోతుంది. ఇక్కడ సముద్రానికీ చెట్లకీ మధ్య నేల అడ్డు. రాలిన ఆకులు, ఎండుకొమ్మలు అక్కడే పోగుపడి కుళ్లుతాయి, వాటి నిండా పురుగులు. వాటిని గెలికి తినడమే ఈ పిట్ట బతుకుతెరువు. ఎప్పుడైనా పుల్లను ముక్కున కరుచుకుని, సందులో దాగిన పురుగును బయటికి లాగుతుంది కూడా. పక్కనున్న ఫెర్నాండినా దీవిలోనూ ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు.

ఓడల్లో వచ్చిన నల్ల ఎలుకలు గుడ్లు తినేస్తుంటే 2007 నుంచి వాటికి ఎరలు పెడుతున్నారు. అంతకంటే గడుసుది, బయటినుంచే వచ్చిన ఫిలోర్నిస్ డౌన్సి అనే ఈగ. పెద్ద ఈగతో పిట్టకు బాధ లేదు, అది పళ్లరసం తాగి బతుకుతుంది. గూటిలో అది పెట్టిన గుడ్లలోంచి వచ్చే పురుగులే రాత్రిళ్లు పిల్లల నెత్తురు పీలుస్తాయి.

అందుకే 2014లో ఎత్తయిన మడచెట్లెక్కి, తొలి విడత గుడ్లను తీసుకొచ్చి, శాంతాక్రూజ్ దీవిలోని చార్లెస్ డార్విన్ పరిశోధన కేంద్రంలో పొదిగించారు. గుడ్లు పోతే తల్లి మళ్లీ పెడుతుంది, కాబట్టి నష్టం లేదు. పిల్లలకు బొప్పాయి, కోడిగుడ్డు, పురుగులు తినిపించి పెంచారు. ఆ ఏడాది 15 పిట్టలు రెక్కలొచ్చి ఇసబెలాకు తిరిగొచ్చాయి. వదిలే ముందు కొన్ని వారాలు ఆ మడ అడవిలోనే పెద్ద పంజరాల్లో ఉంచి, సొంతంగా తిండి వెతుక్కోవడం అలవాటు చేశారు.