కలానికి సంకెళ్లు వేస్తే...

డొనాల్డ్ వుడ్స్‌కి స్టీవ్ బికో అంటే మొదట్లో గిట్టేది కాదు. వుడ్స్ తెల్లజాతీయుడు. దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ నగరంలో 1965 నుంచీ ‘డైలీ డిస్పాచ్’ పత్రికకు సంపాదకుడు. వర్ణవివక్ష తప్పని రాసేవాడు. కానీ... అంతవరకే!

నల్లవాళ్ల పోరాటాన్ని నల్లవాళ్లే నడుపుకోవాలన్నది బికో వాదన. వుడ్స్‌కి అది మరోరకం జాతిద్వేషంలా తోచింది. ఆ మాటే పత్రికలో రాశాడు. ఓరోజు మాంఫెలా రాంఫేలే అనే నల్లజాతి యువ డాక్టరు నేరుగా ఆఫీసుకే వచ్చింది. మనిషిని కలవకుండా, చెప్పేది వినకుండా అలా ఎలా రాస్తారని నిలదీసింది. సంపాదకుడి గదిలోకి వచ్చి అలా అడిగితే ఇంకొకరైతే బయటకు పంపేవారేమో. వుడ్స్ మాత్రం బికోని చూడ్డానికి వెళ్లాడు. ఊరు దాటకూడదన్న ప్రభుత్వ ఆంక్షతో బికో అప్పటికి కింగ్ విలియమ్స్ టౌన్‌కే పరిమితమై ఉన్నాడు. ఇద్దరూ వాదించుకున్నారు. ప్రాణస్నేహితులయ్యారు.

1977 ఆగస్టు 18న పోలీసులు బికోని పట్టుకెళ్లారు. సెప్టెంబరు 12న నిర్బంధంలోనే చనిపోయాడు. వయసు 30. నిరాహారదీక్ష వల్లే పోయాడన్నట్టు మాట్లాడాడు మంత్రి జిమ్మీ క్రూగర్. పోస్ట్‌మార్టంలో తేలింది వేరు... మెదడుకి తగిలిన దెబ్బ! విచారణ జరపాలంటూ వుడ్స్ ఊరూరా తిరిగి మాట్లాడాడు.

అక్టోబరు 19న విమానాశ్రయంలో ఉండగా నిషేధపు ఉత్తర్వు చేతికిచ్చారు. అయిదేళ్లపాటు ఏమీ రాయకూడదు. ఇంటివాళ్లు కాక ఒకేసారి ఒకరికి మించి మాట్లాడకూడదు. అదేరోజు ‘ద వరల్డ్’ పత్రికను మూసేసి, దాని నల్లజాతి సంపాదకుడు పెర్సీ కొబోజాను ఏకంగా జైల్లో పెట్టారు. శిక్షల్లోనూ రంగుభేదమే మరి!

వుడ్స్ ఇంట్లోనే రహస్యంగా బికో జీవితకథ రాయడం మొదలుపెట్టాడు. ఇంతలో పిల్లల పేరిట పార్సిల్లో టీషర్టు వచ్చింది. అయిదేళ్ల మేరీ తొడుక్కుంటే ఒళ్లంతా మంట... దానికి ఏదో రసాయనం పూశారు. ఇక ఉండకూడదనుకున్నారు దంపతులు.

ఆ ఏడాది చివర్లో వుడ్స్ జుట్టుకి నల్లరంగేసి, క్రైస్తవ మతాచార్యుడి వేషంలో బయల్దేరాడు. దొరికిన బండల్లా ఎక్కుతూ సరిహద్దు చేరాడు. వానలకి టెల్లీ నది పొంగిపొర్లుతోంది. వంతెన మీది నుంచే పొరుగుదేశం లెసోతోలోకి దాటాడు. వెండీ అయిదుగురు పిల్లల్నీ తీసుకుని వెనకే వచ్చింది. అక్కణ్నుంచి లండన్.

పుస్తకం 1978లో వచ్చింది. ‘గాంధీ’ సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరోయే 1987లో వాళ్ల కథని ‘క్రై ఫ్రీడమ్’గా తీశాడు. వుడ్స్ 2001లో కన్నుమూశాడు. బికో మరణానికి ఎవరూ బాధ్యులు కారని 1977లో తేల్చేసిన న్యాయవిచారణను 2025లో మళ్లీ తెరిచారు.