వెచ్చదనం వెనుక పొగ

నిప్పు లేనిదే పొగ రాదంటారు మన పెద్దలు. కట్టెలు కాల్చి ఇళ్ళు వెచ్చచేసుకునే దేశాలవారు మాత్రం పొగ లేని నిప్పు దొరకదే అని వాపోతున్నారు.

ఆస్ట్రేలియాకు దక్షిణాన టాస్మేనియా ద్వీపమున్నది. అక్కడ టేమర్ నది లోయలో లాన్సెస్టన్ అనే పట్టణం. మనకు వానలు కురిసే జూన్, జులై, ఆగస్టు మాసాలే వారికి చలికాలం. ఒకప్పుడు ఆ ఊళ్ళో నూటికి 66 ఇళ్ళలో కట్టెల పొయ్యిలే గదులను వెచ్చబరచేవి.

చలిరాత్రి బరువెక్కిన గాలి లోయ అడుగుకు చేరుతుంది. దానిమీద వెచ్చని గాలి మూతలా కప్పుకుంటుంది. ఇక గొట్టంలోంచి వచ్చిన పొగ పైకెక్కడికి పోతుంది? పొరుగింటి కిటికీలో దూరుతుంది! అందులోని నలుసులు ఎంత సన్నమంటే, చాలావాటికి వెంట్రుక మందంలో ముప్పయ్యోవంతు కూడా ఉండదు. అవి ఊపిరితిత్తుల లోతుకు చేరి ఉబ్బసాన్ని, గుండెజబ్బును ముదరబెడతాయి.

2001లో అక్కడి ప్రభుత్వం పూనుకొని, కట్టెల పొయ్యి తీసివేసి విద్యుత్తు పరికరం పెట్టుకునేవారికి ధనసహాయం చేసింది. కొద్ది ఏళ్ళలోనే కట్టెలు కాల్చే ఇళ్ళు నూటికి 30కి దిగినవి. చలికాలంలో ఘనపు మీటరు గాలికి 44 మైక్రోగ్రాములుండే ధూళి 27కు తగ్గింది. ఆ మార్పుకు ముందు ఏళ్ళనూ, తరువాతి ఏళ్ళనూ పోల్చిచూసిన పరిశోధన ఒకటి 2013లో వెలువడింది. చలికాలపు మరణాలు శ్వాసకోశ వ్యాధులవల్ల సుమారు 28 శాతం, గుండె, రక్తనాళాల జబ్బులవల్ల సుమారు 20 శాతం తగ్గినవట. అంతా పొగ తగ్గినందువల్లనేనని ఢంకా బజాయించి చెప్పలేము. కాని కొట్టిపారేయడానికీ వీలులేదు.

చెట్టు పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువే కదా మళ్ళీ గాలిలో కలిసేది, నష్టమేమిటని కొందరి వాదం. కట్టె కాలడానికి ఒక్క రాత్రి చాలు; ఆ చోట మళ్ళీ అంత చెట్టు ఎదగాలంటే ఎన్నో ఏళ్ళు పడుతుంది. ఆ వాయువును మరల పీల్చుకునేది అప్పుడే.

మనకంత చలి ఎక్కడిదంటారా? మా ఇంట పురుడు వస్తే అమ్మమ్మ తలుపులు బిగించి, బాలింత మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టించేది. ఎవరైనా కాదంటే, "పొగ ఏదిరా, కణకణలాడే నిప్పులేగా!" అనేది. పాపం, ఆమెకు తెలియదు. కంటికి కనిపించే పొగకన్న ప్రమాదమైనది ఆ నిప్పులలోనే ఉన్నది. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువుకంటే 200 రెట్లు గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, మగత. నిద్రలో ఉన్నవారికి అదీ తెలియదు.

అందుచేత అరకులోనైనా, లంబసింగిలోనైనా చలిమంట ఆరుబయటనే వేసుకోండి. పచ్చికట్టె వద్దు, బాగా ఎండినదే వాడండి. పడకగదిలోకి కుంపటి రానివ్వకండి. పసిబిడ్డకు తల్లి ఒడి, మరొక దుప్పటి చాలును.