ఏలికపాముల మాత్ర: పరీక్ష లేకుండా ఎందుకు ఇస్తారు? పరీక్ష ఎవరికి అవసరం?

"మా బాబు బాగానే ఉన్నాడు కదా, పరీక్ష చేయకుండా మాత్ర ఎందుకు వేయాలి?" ఆల్బెండజోల్ మాత్రలు ఇచ్చే రోజున అంగన్‌వాడీ టీచర్లకు, ఆశా కార్యకర్తలకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. అడగాల్సిన ప్రశ్నే. సమాధానం తెలిస్తే మాత్ర మీద భయం కూడా పోతుంది.

ముందు పేరు సంగతి. పోస్టర్ల మీద అన్నిటికీ కలిపి 'నులిపురుగులు' అని రాస్తాం. నిజానికి రాత్రిపూట మలద్వారం దగ్గర దురద పెట్టే సన్నని తెల్ల పురుగులు వేరు, రక్తం పీల్చే కొంకి పురుగులు వేరు. ఇక్కడ చెబుతున్నది ఏలికపాముల గురించి. వానపాములా గుండ్రంగా, 15 నుంచి 35 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. పిల్లల పేగుల్లో ఉండి, వాళ్ళు తిన్న తిండిలో వాటా తీసుకుంటాయి.

ఒక ఆడ పాము రోజుకు దాదాపు 2 లక్షల గుడ్లు పెడుతుంది. అవి మలంతో బయటికొస్తాయి. ఆరుబయట మలవిసర్జన జరిగితే మట్టిలో కలిసి, రెండు మూడు వారాల్లో అంటుకునే దశకు వస్తాయి. ఆ మట్టి చేతులకు, కడగని కూరగాయలకు అంటి నోట్లోకి పోతుంది. లోపల గుడ్డు పగిలి పిల్ల పురుగు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరుతుంది. అక్కడి నుంచి గొంతులోకి పాకి, మళ్ళీ మింగుడుపడి పేగుల్లోకి వచ్చి పెద్దదవుతుంది. గుడ్డు నోట్లోకి పోయిన రోజు నుంచి, లోపలి పాము గుడ్లు పెట్టే దాకా రెండు మూడు నెలలు పడుతుంది.

పాములు కొద్దిగా ఉన్నప్పుడు చాలామంది పిల్లల్లో ఏ లక్షణమూ కనిపించదు. అందుకే చూసి చెప్పలేం. ఊళ్ళో ప్రతి బిడ్డకూ మల పరీక్ష చేయాలంటే అయ్యే ఖర్చు, పట్టే కాలం మాత్రకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మాత్ర మాత్రం సురక్షితం, పురుగులు లేని బిడ్డకు వేసినా హాని చేయదు. పిల్లల్లో 20 శాతం లేదా అంతకు మించి ఈ పురుగులున్న ప్రాంతాల్లో విడివిడిగా పరీక్షలు లేకుండానే అందరికీ మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 2015 నుంచి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం ఇదే పద్ధతిలో నడుస్తోంది.

నిద్రలో పళ్ళు కొరికినా, ముఖం మీద తెల్ల మచ్చలొచ్చినా "కడుపులో పాములున్నాయి" అనేస్తాం. బెల్లం తింటే పురుగులు పడతాయనీ అంటాం. ఇవేవీ రుజువు కావు. (బెల్లం పాపం ఏం చేసింది!)

మరి పరీక్ష ఎవరికి? తరచూ కడుపునొప్పి వస్తున్నా, బరువు పెరగకపోయినా, మలంలో గానీ వాంతిలో గానీ పాము కనిపించినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్‌కు చూపించండి. పాము పడితే పారేయకుండా మూత ఉన్న డబ్బాలో తీసుకెళ్ళండి, చూడగానే గుర్తుపడతారు. మల పరీక్షకు ల్యాబ్‌లో ఇచ్చిన డబ్బాలో చిక్కుడు గింజంత మలం చాలు. అందులో మూత్రం, నీళ్ళు కలవకూడదు. ఆ పూటే ఇచ్చేయండి. ల్యాబ్ టెక్నీషియన్ మైక్రోస్కోప్ కింద గుడ్ల కోసం చూస్తారు.

ఒక్కసారి "గుడ్లు లేవు" అని వస్తే పాములు లేవని కాదు. లోపల ఉన్నవి ఇంకా ఎదగకపోయినా, అన్నీ మగవే అయినా గుడ్లు కనిపించవు. డాక్టర్ వేరువేరు రోజుల్లో మళ్ళీ మలం తెమ్మంటే విసుక్కోకండి. పురుగు ఊపిరితిత్తుల్లో ఉన్నప్పుడు దగ్గు, పిల్లికూతలు రావచ్చు. అప్పుడు మలంలో ఏమీ దొరకదు, రక్తంలో ఇసినోఫిల్స్ అనే కణాలు పెరిగి కనిపిస్తాయి. కొన్నిసార్లు స్కానింగ్‌లో పాములే కనిపిస్తాయి.

ఒక్క విషయంలో ఆలస్యం వద్దు. పొట్ట ఉబ్బి, ఆగకుండా వాంతులవుతూ, విరేచనం గానీ గ్యాస్ గానీ పోకపోతే పాములు ఉండచుట్టుకుని పేగుకు అడ్డంపడి ఉండొచ్చు. ఇంట్లో ఏ పురుగుల మందూ వేయకండి. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మాత్రలు సాధారణంగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న 1 నుంచి 19 ఏళ్ళ వారికి అంగన్‌వాడీల్లో, బడుల్లో, కాలేజీల్లో ఉచితంగా ఇస్తారు. 2 ఏళ్ళు నిండని వారికి సగం మాత్ర, మిగతా వారికి 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. చిన్నపిల్లలకు పొడి చేసి నీళ్ళలో కలిపి ఇస్తారు, పెద్దవాళ్ళు నమిలి తినాలి. టీచర్ ముందే వేసుకోవాలి, ఇంటికి తేవద్దు. ఆ రోజు జ్వరంగా ఉన్న బిడ్డకు వేయరు. తగ్గాక, కొన్ని రోజులకు మళ్ళీ మాత్రలిచ్చే రోజున వేయించండి. గర్భిణులు మొదటి మూడు నెలల్లో వేసుకోకూడదు. మాత్ర వేశాక కాస్త కడుపునొప్పి, వికారం రావచ్చు, పాములు ఎక్కువగా ఉన్నవారికే ఇది ఎక్కువ. మలంలో చచ్చిన పాములు కనిపిస్తే మందు పనిచేసిందన్నమాట. ఇబ్బంది తగ్గకపోతే మీ ఆశా కార్యకర్తకు గానీ ఏఎన్ఎంకు గానీ వెంటనే చెప్పండి.