ఏటి నీటిపై ఎవరి మాట చెల్లవలెను?



నీరు పల్లమెరుగునని మన పెద్దల సామెత. కాని ఈ దేశములో చాలాకాలము నీరు పల్లమును గాక, భూమి పట్టా ఉన్నవారి వైపే పారినది. 1860 మొదలు మన పూర్వీకులు మద్రాసు రేవునుండి నాటాలుకు వచ్చి చెరకు తోటలలో చెమటోడ్చిరి. కాని ఏటి నీటి గురించి వారిని అడిగిన వారెవ్వరు లేరు. అట్లు ఎందుకు జరిగినదో, నేడు మనకు ఏమి హక్కు ఉన్నదో తెలుసుకొందాము.

పాత పద్ధతి

1956 నాటి నీటి చట్టము ప్రకారము సేద్యపు నీటి హక్కు ముఖ్యముగా ఏటి ఒడ్డున భూమి గలవారిదే. సాగునీటి బోర్డులు కూడ అట్టివారి చేతిలోనే ఉండెను. 1913, 1936 చట్టములు ఆఫ్రికన్ సోదరులకు భూమిని దూరము చేసినవి. 1946 చట్టము, 1950 గ్రూప్ ఏరియాస్ చట్టము మనవారిని కట్టడి చేసినవి. భూమి లేదు కాబట్టి నీరు లేదు. నీరు లేదు కాబట్టి మాట లేదు.

1998 చట్టము

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1998లో జాతీయ నీటి చట్టము చేయబడెను. దీనిలో మనము గమనించవలసినవి మూడు.

మొదటిది: నీరు ఎవరి సొంత ఆస్తియు కాదు. ప్రభుత్వము ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే.

రెండవది: అందరికంటె ముందు మనుష్యుల కనీస అవసరమునకు, ఏరు ఏరుగా బ్రతుకుటకు కొంత నీరు విడిగా ఉంచవలెను. దీనినే రిజర్వు అందురు. మనిషికి రోజుకు 25 లీటర్లు కనీస లెక్క.

మూడవది: ఒక్కొక్క నదీ ప్రాంతమునకు ఒక సంస్థ ఉండవలెను. దాని పాలక మండలిని మంత్రి నియమించునపుడు నీరు వాడువారు, ఇకముందు వాడబోవువారు, స్థానిక, రాష్ట్ర ప్రభుత్వములు, ప్రకృతిని కాపాడు సంఘములు, వీరందరి మధ్య సమతూకము చూడవలెను.

అందరు ఎందుకు కూర్చొనవలెను?

మన ఉమ్గేని నదినే చూడండి. పైన అడవి తోటలు, పాడి పశువుల ఫారములు, నడుమ చెరకు, క్రింద పీటర్‌మారిట్జ్‌బర్గ్, డర్బన్ నగరములు. మిడ్మార్, ఆల్బర్ట్ ఫాల్స్, నేగిల్, ఇనాండ డామ్‌లు ఈ ఒక్క నదిమీదనే ఉన్నవి. పైన నాటిన కలప చెట్లు వాన నీటిని ఏటికి చేరకముందే త్రాగివేయును. అందుకే వ్యాపారమునకు చెట్లు నాటుటను కూడ చట్టము నీటి వాడకముగా లెక్కించినది. పైవారు చేసినదాని ఫలితము క్రిందివారు అనుభవింతురు. ఒక్కరే నిర్ణయించినచో రెండవవారి కష్టము కనబడదు.

ఆంధ్రలో కూడ

మన పూర్వీకుల ఊళ్ళలో చెరువు నీటిని మడి మడికి పంచుటకు నీరుగంటి ఉండేవాడు. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రత్యేక చట్టము చేసి, పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘములకు ఎన్నికలు జరిపినది. మంచి పనియే. కాని రికార్డులో పేరున్న భూయజమానికి, కౌలుదారుకే ఓటు. నోటిమాటపై కౌలు చేయువానికి, పొలములో నాట్లు వేసి తన పేర పట్టా లేని స్త్రీకి ఓటు లేదు. కాగితములో పేరు లేనివారు అక్కడ కూడ వెనుకనే నిలిచిరి.

మనము చేయవలసినది

ఇక్కడి చట్టము మంచిదైనను నడక నెమ్మది. మొదటి నదీ సంస్థ ఇంకొమాటిలో 2004లో గాని ఏర్పడలేదు. మొదట 19గా విభజించిన ప్రాంతములు 2012లో 9కి, తరువాత 6కు తగ్గినవి. మన ప్రాంతము పొంగోలా-ఉమ్జింకులు. ప్రాంతము పెద్దదైన కొలది చిన్న రైతుకు సభ దూరమగును. పెద్ద కంపెనీ లాయరును పంపగలదు. కూరగాయలు పండించువాడు బస్సు చార్జీ చూచుకొనవలెను. సభకు పిలిచినంత మాత్రాన మాట విన్నట్లు కాదు.

కాబట్టి ప్రకటనలు చదవండి. ఒక్కరుగా గాక, పొరుగున ఉన్న జూలూ రైతులతో కలిసి సంఘముగా వెళ్ళండి. మీ అభ్యంతరమును వ్రాతమూలముగా ఇచ్చి, నకలు దాచుకొనండి. ఇంగ్లీషు పత్రములు కష్టమైనచో మన పాఠశాలలో చదివిన పిల్లలచేత చదివించుకొనండి. మన తాతలను అడిగినవారు లేరు. మనలను అడుగుచున్నారు, జవాబు చెప్పుట మన బాధ్యత.