గుజ్జు అరిగిందన్నాక ఏం చెబుతున్నాం?

ఊడ్పులు ముగిసిన వారం గోదావరి డెల్టాలో ఏ ఊరి ఆసుపత్రికి వెళ్లినా అరవై దాటిన ఆడవాళ్లు గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ కనిపిస్తారు. ముప్పై, నలభై ఏళ్లు బురదలో నడుం వంచి ఊడ్చినవాళ్లు, గొంతుక్కూర్చుని కలుపు తీసినవాళ్లు. లోపల రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. "మోకాలి గుజ్జు అరిగిపోయిందమ్మా, వయసు కదా, ఏం చేస్తాం!" చేతిలో పది నొప్పి మాత్రలు.

ఆ రోజు నుంచి ఆమె నడక తగ్గిస్తుంది. నడిస్తే మిగిలిన గుజ్జూ పోతుందని భయం. నిజానికి గుజ్జుకు సొంత రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడే దానికి పోషణ అందుతుంది. కదలని కాలికి తొడ కండ సన్నబడుతుంది, భారమంతా మోకాలి మీద పడుతుంది. నొప్పి ముదిరాక ఆర్‌ఎంపీ సూది, మందుల షాపు మాత్రలు. ఏళ్ల తరబడి వాడితే ఆ మాత్రలే కడుపులో పుండ్లకూ కిడ్నీల జబ్బుకూ దారితీయవచ్చు.

బీపీ, షుగర్ అంటే ఏం చేయాలో మన ఆసుపత్రి సిబ్బంది గబగబా చెబుతారు. మోకాలి దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గుతుంది. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. వ్యాయామం ఎలా చేయించాలో ఎవరూ చూపించకపోతే, ఫలితం ఉంటుందన్న నమ్మకం వాళ్లకు మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2019లో గుజ్జు అరిగే ఈ కీళ్లవాతంతో బాధపడుతున్నవారు 52.8 కోట్ల మంది. వారిలో అరవై శాతం ఆడవాళ్లే. బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2022లో అందరికీ మొదట చెప్పమన్నది వ్యాయామమే. లక్షణాలు స్పష్టంగా ఉంటే ఎక్స్‌రే కూడా అక్కర్లేదంది. ఒళ్లు ఒక్క కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఆపరేషన్ అవసరమైనవాళ్లూ ఉన్నారు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టినా, కూలి మనిషికి ఆ ఖర్చు ఇప్పటికీ భారమే.

డాక్టరుగారూ, ఏఎన్ఎం అక్కా, ఆశా చెల్లీ, మాత్రలతోపాటు ఇంకో రెండు నిమిషాలివ్వండి. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కాలు నిటారుగా చాపించి, ఐదు లెక్కపెట్టి దింపించండి. ఒక్కో కాలికీ పదిసార్లు. వచ్చే నెల ఆమె వచ్చినప్పుడు, చేస్తున్నావా అని అడగండి.